రాయని హద్దును దాటేదెవరు?

కేంద్ర పర్యావరణ, అటవీ, వాతావరణ మార్పుల మంత్రిత్వ శాఖ వారి దివ్య సముఖమునకు బహిరంగ లేఖ

విషయం: మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలంలో యాంటీబయాటిక్ అవశేషాలు

మందుల ఫ్యాక్టరీ వదిలే నీటికి మన నిబంధనల్లో కొలతల కొదవ లేదు. పీహెచ్, బీఓడీ, సీఓడీ అన్నీ ఉన్నాయి. సీఓడీ అంటే నీటిలోని మలినాన్ని ఆక్సీకరించడానికి ఎంత ఆక్సిజన్ పడుతుందో చెప్పే లెక్క. మలినం ఎంతో తేలుతుంది, ఏమిటో తేలదు. దాని కంటికి బెల్లం పానకమూ సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటికూ ఒక్కటే.

ఆ తేడా హైదరాబాద్ శివారు పటాన్‌చెరులో బయటపడింది. సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థజలం చేరే ఉమ్మడి శుద్ధి కేంద్రంలో, శుద్ధి అయ్యాక వదిలిన నీటిని స్వీడన్ పరిశోధకులు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది. మాత్ర వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు. అప్పట్లో ఆ నీరు ఇసకవాగు, నక్కవాగుల మీదుగా మంజీరలో కలిసేది. అలాంటి వాగులో మందుకు లొంగే బాక్టీరియా చస్తుంది. లొంగనిది బతికి పెరుగుతుంది, లొంగనివ్వని జన్యువును పక్కదానికీ అంటిస్తుంది.

పటాన్‌చెరు కాలుష్యం 1990లోనే సుప్రీంకోర్టు గడప తొక్కింది. 2009లో వ్యర్థజలాన్ని పైపులైనులో నగరపు మురుగుకాలువకు మళ్లించి అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి పంపారు. అక్కడి నుంచి మూసీకి. గోదావరి పరీవాహకం మురుగు అలా కృష్ణా పరీవాహకానికి చేరింది. ట్రైబ్యునల్ తగాదా లేకుండా జరిగిన నదుల అనుసంధానం ఇదొక్కటే కాబోలు!

2020 జనవరిలో శాఖవారు ముసాయిదా వెలువరించారు. అందులో 121 యాంటీబయాటిక్‌లకు విడివిడిగా పరిమితులున్నాయి. మరే దేశమూ అంత దూరం వెళ్లలేదని అప్పట్లో మెచ్చుకున్నవారున్నారు. మరీ కఠినమని పరిశ్రమ మొరపెట్టుకుంది. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వచ్చింది. ఆ పరిమితుల పట్టిక మాత్రం రాలేదు. కఠినమైన అంకెను సడలించవచ్చు, గడువు పెంచవచ్చు. అసలు అంకే లేనప్పుడు నమూనా తీసిన అధికారి ల్యాబ్ రిపోర్టును దేనితో పోల్చాలి? ఉల్లంఘనలను సున్నాకు దించడానికి ఇంతకంటే చౌకైన ఉపాయం లేదు. ఈ విషయంలో శాఖవారు అభినందనీయులే.

ఇప్పుడు కావలసింది మరో కమిటీ కాదు. ముసాయిదా పట్టికను తిరిగి తెరిచి, ఏ మందుకు ఎంత పరిమితి సాధ్యమో తేల్చి, కాలుష్య నియంత్రణ మండళ్లకు ఆ మందుల్ని కొలిచే పరికరాలు సమకూరిస్తే పని మొదలవుతుంది.

జత: 2020 నాటి ముసాయిదా, ప్రతి ఒకటి (శాఖవారి వద్ద లేని పక్షంలో).