నలభై నిమిషాల ఆయుష్షు

నేను పుట్టింది కొండ మీద, మధ్యాహ్నం మూడు గంటల పన్నెండు నిమిషాలకు. టోల్‌గేటు గదిలో మిషను గర్రుమని తిరిగి నన్ను బయటికి తోసింది. ఒంటి మీద బండి నంబరు, తేదీ, టైము. అదే నా జాతకం. తిరుమల నుంచి అలిపిరికి దిగే కారుకు నాలాంటి చీటీ ఒకటి ఇస్తారు. కిందికి చేరడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలి. అంతకంటే ముందొస్తే కింద గేటు దగ్గర జవాబు చెప్పుకోవాలి. ఎక్కే దారిలో ఈ లెక్క 28 నిమిషాలు. నాకు రాసిపెట్టిన ఆయుష్షు అందుకే నలభై నిమిషాలు.

నన్ను అందుకున్నది పలమనేరు కుర్రాడు. పక్క సీట్లో అతని మేనమామ, ఏళ్ల తరబడి ఈ ఘాటులోనే బస్సు నడిపి రిటైరైన మనిషి. వెనక అవ్వ, అక్క, అక్క ఒడిలో గుండు మీద గంధం ఇంకా ఆరని పిల్లోడు. కారంతా లడ్డూ వాసన.

"అవ్వా, ఈ చీటీ బద్రంగా పట్టుకో" అని నన్ను వెనక్కి అందించాడు. అవ్వ పిడికిలి మూసింది. వేళ్ల సందుల్లోంచి నాకు దారి కనబడుతూనే ఉంది.

"నలభై నిమిషాలెందుకు మామా, పాతికలో దింపేస్తా. చీకటి పడేలోపల ఇల్లు చేరాల."

"దిగి ఏం చేస్తావు అల్లుడా? గేటు కాడ నిలబడేదే గదా. నిమ్మళంగా పోనీ."

నేను చెప్పాలనుకున్న మాట అదే. దిగే దారి సుమారు 19 కిలోమీటర్లు. నలభై నిమిషాలతో భాగిస్తే గంటకు ఇరవై ఎనిమిది కిలోమీటర్ల చిల్లర. మామూలు రోడ్ల మీద వేగాన్ని ఒకచోట నిలబడి కొలుస్తారు. కొలిచే చోటు తెలిసినవాడు అక్కడ మాత్రం తగ్గి, దాటగానే మళ్లీ తొక్కుతాడు. ఇక్కడ రెండు కొసల్లో రెండు గడియారాలు, మధ్యలో నేను. ఇటలీ పెద్ద రహదారుల మీద 2005 నుంచి కెమెరాలు ఇదే లెక్క కడుతున్నాయి. మా కొండ మీద ఆ పని ఒక కాగితం ముక్క చేస్తోంది. ఆ సంగతి తలుచుకుంటే నాకు గర్వంగా ఉంటుంది.

ఈ దారి నాకంటే చాలా పెద్దది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య రూపకల్పన చేసిన ఈ మొదటి ఘాటు రోడ్డు 1944 ఏప్రిల్‌లో తెరుచుకుంది. అంతకుముందు కొండెక్కాలంటే కాలినడక, లేకుంటే డోలీ. 1974లో రెండో రోడ్డు వచ్చేదాకా ఎక్కే బండ్లకూ దిగే బండ్లకూ ఇదొక్కటే దారి. ఇప్పుడు కొత్తది ఎక్కడానికి, పాతది దిగడానికి. ఈ పాతదాంట్లో హెయిర్‌పిన్ మలుపులు 36.

ఎదురు బండి రాదు కాబట్టి భయం లేదనుకుంటారు చాలామంది. నా లెక్కన అసలు ప్రమాదం ఆ ధైర్యంలోనే ఉంది. రెండువైపులా బండ్లు నడిచే రోడ్డు మీద మలుపు చూస్తే ఎదురుగా ఏమొస్తుందోనని కాలు దానంతటదే బ్రేకు మీదికి పోతుంది. ఇక్కడ ఆ బెదురు ఉండదు. ఎడమపక్క కాస్త సందు కనబడితే చాలు, దూరేస్తారు.

మా కారు ముందు ఒక బస్సు పోతోంది. కుర్రాడు రెండుసార్లు హారన్ కొట్టాడు. బస్సు సైడ్ ఇవ్వలేదు. మలుపు దగ్గర అది బయటి అంచు పట్టుకుని తిరగబోయింది. లోపలివైపు కారు పట్టేంత చోటు ఖాళీ అయ్యింది. స్టీరింగు అటు తిరుగుతుండగా మామ అరవలేదు. చెయ్యి మాత్రం అల్లుడి చేతిమీద వేశాడు.

"ఆ సందు బస్సుదే అల్లుడా. ముందర భాగం బయటికి పోతాది, వెనక చక్రాలు లోపలికి కోసుకోని వస్తాయి. డ్రైవరుకు నువ్వు అద్దంలో కనపడవు. నేను నడిపేటప్పుడు నా గుండె ఆగేది ఆ సందు కాడనే."

కుర్రాడు ఆగాడు. బస్సు వెనక చక్రాలు సరిగ్గా ఆ ఖాళీ మీదుగానే నడిచిపోయాయి. అవ్వ పిడికిలి బిగుసుకుంది, నేను నలిగాను. ఆ ముడత నా ఒంటి మీద చివరిదాకా ఉంది.

2017లో వచ్చిన డ్రైవింగ్ నియమాలూ ఇదే చెబుతాయి. దాటితే కుడివైపు నుంచే దాటాలి. ముందు బండి కుడికి తిరుగుతున్నట్టు సైగ చేస్తేనే ఎడమ నుంచి పోవచ్చు. దారి కనబడని మలుపులో అసలు దాటకూడదు. నిన్ను ఒకడు దాటుతుంటే నీవు వేగం పెంచకూడదు. ఈ ఆఖరిదాన్ని మరిచిపోయేవాళ్లే ఎక్కువ. ఎవడైనా దాటబోతే పౌరుషం పొడుచుకొచ్చి ఇంకా తొక్కుతారు.

మామ ఆ తర్వాత బ్రేకుల సంగతి ఎత్తాడు. ఏ గేరులో ఎక్కాల్సిన మిట్టను ఆ గేరులోనే దిగాలన్నాడు. డీజిలు మిగులుతుందని న్యూట్రల్ చేసిన బండి ఇంజన్ పట్టు వదిలేసి బరువంతా బ్రేకుల మీద మోపుతుంది. పొడుగునా తొక్కిపట్టి ఉంచితే లైనర్లు కాగి, మాడు వాసన కొట్టి, చివరికి తొక్కినా పట్టవు. వేగం రెండింతలైతే బ్రేకు వేశాక బండి ఆగడానికి కావలసిన దూరం నాలుగింతలవుతుంది. పల్లంలో అది ఇంకా ఎక్కువే. కుర్రాడు మాట్లాడకుండా రెండో గేరు వేశాడు. ఇంజను గుర్రుమంటూ కారును వెనక్కి పట్టి లాగింది. మామ కిటికీలోంచి లోయకేసి చూస్తూ కూర్చున్నాడు.

అలిపిరి ఇంకాస్త దూరం ఉందనగా రోడ్డు పక్కన కార్లు వరసగా ఆగి ఉన్నాయి. పైన మమ్మల్ని దాటేసి పోయిన తెల్ల కారూ వాటిలో ఉంది. డ్రైవర్లు దిగి, చేతిలో చీటీ, ఫోనులో టైము చూసుకుంటున్నారు. ఆ చీటీలన్నీ నా తోబుట్టువులే. అంత ప్రాణభయంతో మిగుల్చుకున్న నిమిషాలను పిట్టగోడ పక్కన నిలబడి పారబోస్తున్నారు.

"అదో, మనల్ని దాటినోడు" అంది అక్క. కుర్రాడు ఆపకుండా అదే నిదానంలో వాళ్లను దాటి ముందుకు పోయాడు.

గేటు దగ్గర టైము మూడు గంటల యాభై నాలుగు. నలభై రెండు నిమిషాలు. అవ్వ పిడికిలి విప్పి నన్ను కిటికీలోంచి అందించింది. నా పని అయిపోయింది. నా దిగులు మాత్రం తీరలేదు. వీళ్లు ఇంకా చిత్తూరు, బంగారుపాళెం దాటి మొగిలి ఘాటు ఎక్కాలి. అది బెంగళూరు రోడ్డు, నాలుగు వరసలు. అలాంటి రోడ్డు మీద కారుకు గంటకు 100 కిలోమీటర్ల దాకా అనుమతి ఉంది. 2024 సెప్టెంబరు 13న ఆ ఘాటులోనే బస్సు, లారీ ఢీకొని ఎన్నో ఇళ్లు చీకటయ్యాయి. అక్కడ టైము కొట్టి చేతికిచ్చే చీటీ లేదు.

"ఇంగ మొగిలి కాడ ఎవురిస్తారు చీటీ?" అన్నాడు మామ.

కుర్రాడు ఏమన్నాడో నాకు వినబడలేదు, కారు కదిలింది. వెనక కిటికీలో అవ్వ చెయ్యి కనబడింది. నేను లేకపోయినా ఆ పిడికిలి మూసే ఉంది.