సీసీఎన్ఏ పద్యం: టీకా తాత్పర్యాలతో

మూలం

తే.గీ. రాత్రి హాస్టలు గదిలోన రౌటరొకటి
లేకపోయిన లోటేమి? లేడు గురువు;
ఇరువదారున రెండేసి యిండ్లు పోయె;
తలుపు తీయుట మరచిన దారి గలదె?

అవతారిక

కాళిదాసుకు టీక రాసిన కోలాచలం మల్లినాథసూరి మన మెదక్ సీమవాడు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ముందే మాటిచ్చి మరీ మొదలుపెట్టాడు. నేనలాంటి మాట ఇవ్వలేను. పద్యమూ నాదే, టీకా నాదే. పైగా విషయం సిస్కో కంపెనీ 1998లో మొదలుపెట్టిన సీసీఎన్ఏ అనే నెట్‌వర్కింగు పరీక్ష. ఇప్పుడు నడుస్తున్నది 200-301. దాని సిలబస్‌లో ఏది అక్కర్లేనిదో పరీక్ష హాలు నుంచి బయటికొచ్చాక గానీ తెలియదు.

ప్రతిపదార్థం

రాత్రి = పగలంతా ఉద్యోగం వెతుక్కోవడంతో సరిపోతుంది గనుక రాత్రిపూట; హాస్టలు గదిలోన = ముగ్గురికి సరిపోయే చోట నాలుగో మంచం వేసిన గదిలో; రౌటరు ఒకటి = పేరుకు ఒక్క రౌటరైనా; లేకపోయినన్ = లేకపోతే మాత్రం; లోటు ఏమి = వచ్చిన నష్టమేమిటి; గురువు లేడు = చెప్పేవాడూ లేడు; ఇరువదారున = స్లాష్ 26 మాస్కు వేసినచోట, అనగా 255.255.255.192 అన్నచోట; రెండేసి ఇండ్లు పోయె = సబ్‌నెట్టుకు రెండు చొప్పున అడ్రసులు వాడకానికి రాకుండా పోయాయి; తలుపు తీయుట మరచినన్ = ‘నో షట్‌డౌన్’ అని కొట్టడం మరిచిపోతే; దారి కలదె = ప్యాకెట్టు వెళ్ళడానికి దారి ఉంటుందా? ఉండదని భావం.

తాత్పర్యం

పెట్టె లేదు, పంతులు లేడు, లెక్క మాత్రం తప్పదు. లెక్క సరిగ్గా వచ్చినవాడు కూడా ఒక్క ఆజ్ఞ మరిచి తెల్లవార్లూ కూర్చుంటాడు.

విశేషాలు

‘హాస్టలు’ అన్నాడే గానీ కవి ఊరు చెప్పలేదు. చెప్పనక్కర్లేదు. కింద జిరాక్సు షాపు, పైన కోచింగు సెంటరు, ఆపైన హాస్టలు అనుకోగానే అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల సందులు సహృదయుడికి ఇట్టే స్ఫురిస్తాయి. ఇది ధ్వని.

‘రౌటరు లేకపోయిన లోటేమి’ అనడంలో వినోక్తి అలంకారం. నెట్‌వర్కును కంప్యూటరు తెర మీదే నడిపి చూపే ప్యాకెట్ ట్రేసర్ ఉండగా నిజం రౌటరు ఎందుకని కవి ధీమా. దాన్ని సిస్కోవాళ్ళే ఉచితంగా ఇస్తారు. తెర మీదికి రెండు 2960 స్విచ్చులు లాగి, మధ్యన కేబులు కలిపితే చివర్న నారింజ రంగు దీపం వెలుగుతుంది. కొత్తవాడు కేబులు తప్పు వేశానని పీకేసి మళ్ళీ వేస్తాడు. మళ్ళీ నారింజే. స్విచ్చు అప్పుడు ఎక్కడైనా లూప్ ఉందేమోనని 15 సెకండ్లు వింటుంది, మరో 15 సెకండ్లు నేర్చుకుంటుంది, ఆ తర్వాతే పచ్చదీపం. పీకి వేసినకొద్దీ ఆ ముప్పై సెకండ్లూ మొదటికొస్తాయి. ఈ స్పానింగ్ ట్రీ పద్ధతిని కనిపెట్టిన రేడియా పెర్ల్‌మన్, 1985లో దాన్ని వివరించిన పత్రంలోనే దాని మీద ఒక పద్యం కూడా ప్రచురించింది. కాబట్టి నెట్‌వర్కింగుకీ పద్యానికీ ఏం సంబంధమని నన్ను అడగబోయేవారు ముందు ఆవిడను అడగాలి.

‘లేడు గురువు’ దగ్గర పండితులది తలో దారి. గురువు ఫోనులో ఉన్నాడు, ఒకటిన్నర స్పీడులో చెబుతున్నాడు, కానీ సందేహం అడిగితే పలకడు గనుక లేనట్టే అని ఒక పక్షం. డెమో క్లాసులో ఉన్నాడు, ఫీజు కట్టాక లేడు అని ఇంకో పక్షం. రెండూ గ్రాహ్యమే. డంపులే, అనగా బయటికి పొక్కిన పరీక్ష ప్రశ్నల జాబితాలే గురువనే మూడో పక్షాన్ని మాత్రం ఖండిస్తున్నాను. డంపు అంటే మూలం లేని టీక. జవాబు ‘సి’ అని ఉంటుంది, ‘సి’ ఎందుకయిందో ఉండదు. పరీక్షలో అంకె కాస్త మార్చి అడిగారా, చదివినవాడి చేతిలో ‘సి’ అనే అక్షరం తప్ప ఏమీ మిగలదు. 120 నిమిషాల ఆ పరీక్షలో ‘నెక్స్ట్’ నొక్కాక వెనక్కి వెళ్ళి దిద్దుకునే వీలూ లేదు.

‘ఇరువదారున రెండేసి’: 192.168.10.0 అనే స్లాష్ 24 నెట్‌వర్కును స్లాష్ 26గా కోస్తే నాలుగు వీధులు, వీధికి 64 ఇళ్ళు. మొదటి ఇల్లు వీధి పేరుకే పోతుంది. చివరిది అందరినీ ఒకేసారి కేకేయడానికి, అనగా బ్రాడ్‌కాస్టుకు. రెండో వీధి 64 నుంచి 127 దాకా ఉన్నా కాపురానికి పనికొచ్చేవి 65 మొదలు 126 వరకే. ‘ఇరువదేడున’ అని పాఠాంతరం ఉంది. గణం చెడదు, అర్థమూ చెడదు. కాకపోతే వీధులు ఎనిమిదవుతాయి, పోయే ఇళ్ళు పదహారవుతాయి. ఏ సూత్రానికైనా అపవాదం ఉండాలి గనుక దీనికీ ఉంది. రెండు రౌటర్ల మధ్య నేరు లింకు మీద స్లాష్ 31 వేసి, ఉన్న రెండు అడ్రసులూ వాడుకోవచ్చని 2000లో ఆర్ఎఫ్‌సీ 3021 అనుమతించింది.

‘తలుపు’: పద్యానికి ప్రాణం ఇక్కడే ఉంది. స్విచ్చు పోర్టులు పుట్టుకతో తెరిచే ఉంటాయి, రౌటరువి మూసి ఉంటాయి. ఈ భేదం తెలియనివాడు అడ్రసు సరిగ్గా ఇస్తాడు, మాస్కు సరిగ్గా వేస్తాడు, పింగ్ కొడతాడు. వరుసగా ఐదు చుక్కలు, పక్కన సున్నా శాతం. లెక్క మళ్ళీ వేస్తాడు. లెక్కలో తప్పుంటే కదా! ‘షో ఐపీ ఇంటర్‌ఫేస్ బ్రీఫ్’ అంటే ‘అడ్మినిస్ట్రేటివ్‌లీ డౌన్’ అని రౌటరు దాచకుండా చెబుతుంది గానీ, అడగాలని తోచాలి. తలుపు తీశాక తొలిసారి పింగ్ కొడితే సాధారణంగా ఒక చుక్క, నాలుగు ఆశ్చర్యార్థకాలు వస్తాయి. ఆ ఒక్క చుక్క చూసి బెంబేలెత్తవద్దు. ఏఆర్‌పీ అవతలివాడి మ్యాక్ అడ్రసు కనుక్కొని వచ్చేలోగా పోయిన ప్యాకెట్టు అది. ఎనభై శాతానికి సంతోషించి పడుకోవచ్చు.

ఏడు లేయర్ల ఊసు పద్యంలో లేదేమని ఆక్షేపణ రావచ్చు. ఓఎస్ఐ నమూనా 1984 నాటి ప్రమాణం. ఇంటర్నెట్టు నడిచేది టీసీపీ/ఐపీ మీద. ఇంటర్వ్యూలో అడిగినప్పుడు చూసుకుందాం.

ఛందస్సు: తేటగీతి. మొదటి పాదంలో ‘రా’కూ ‘రౌ’కూ యతిమైత్రి. రాత్రికీ రౌటరుకూ ఇంతకు మించిన మైత్రి ఎవరూ కుదర్చలేదు.

ఫలశ్రుతి

ఈ పద్యం నిత్యం చదివి, చదివినన్నిసార్లూ ల్యాబు చేసినవారికి సబ్‌నెట్ భయం తొలగును. పరీక్షకు దక్షిణ 300 డాలర్లు, పన్నులు అదనం, డాలరు ఆ రోజు ఎంత పలికితే అంత. ఫలం మూడేళ్ళు నిలుచును. ఆ లోపు మళ్ళీ పరీక్ష రాయాలి, లేదా 30 కంటిన్యూయింగ్ ఎడ్యుకేషన్ క్రెడిట్లు సంపాదించాలి.