చాయ్‌బల్ల పర్వం

2009 ఆగస్టు. కాప్రా చెరువు మీద మేఘమాలికలు మదగజాల్లా మోహరించిన సాయంసంధ్య. సైనిక్‌పురి రోడ్డు పక్కన ఒక చాయ్ కొట్టు ముందు, మూడున్నర కాళ్ల చెక్కబల్ల మీద, క్షతగాత్రులైన పెట్టుబడిదారవీరులు కొలువుతీరారు. స్టవ్వు భగ్గుమంది. గాజుగ్లాసులు ఖణేల్ ఖణేల్మని రణభేరి మోగించాయి.

ముందుగా వేంచేసినవారు కల్నల్ సాబ్. శత్రుఫిరంగులకు రెప్పవాల్చని ఆ విశాలనేత్రాలు ఇప్పుడు షేరుధరల పట్టికలో తడబడుతున్నాయి. చంకలో గదాదండంలా చుట్టిన గులాబిరంగు పత్రిక. ఆ వెనకే ఏఎస్ రావు నగర్ దిక్కున ధూమపటలం లేపుతూ, బజాజ్ చేతక్ అనే ఐరావతం మీద, ఈసీఐఎల్‌లో రిటైరైన ఇంజినీరుగారు. స్టాండు వేయడానికి ఆయన ఒళ్లు వెనక్కి వంచిన భంగిమ శివధనుస్సు ఎక్కుపెట్టిన రాముడిదే, మధ్యలో "అబ్బా" అని నడుం పట్టుకోవడం ఒక్కటి తప్ప. మూడో వీరుడు లెక్కల మాస్టారు. బాచుపల్లిలో మేటాస్ ప్రాపర్టీస్ వారి హిల్ కౌంటీలో ఫ్లాటు బుక్ చేసిన పాపానికి ఎనిమిది నెలలుగా మౌనవ్రతధారి.

ఈ సేన తిన్న బాణాలు సామాన్యమైనవి కావు. 2007 అక్టోబరు పబ్లిక్ ఇష్యూలో మేటాస్ ఇన్‌ఫ్రా షేరు 370 రూపాయలు. 2008 డిసెంబరు 16న సత్యం కంప్యూటర్స్ 160 కోట్ల డాలర్లతో మేటాస్ ప్రాపర్టీస్ మొత్తాన్నీ, ఇన్‌ఫ్రాలో 51 శాతాన్నీ కొంటానని శంఖం పూరించి, తెల్లారేసరికి ఆ శంఖాన్ని సంచీలో దాచుకుంది. 2009 జనవరి 7న సత్యం అధినేత రామలింగరాజు సంధించిన తప్పొప్పుకోలు లేఖాస్త్రానికి సత్యం షేరు ఒక్కరోజులో 179 నుంచి 40 రూపాయలకు కూలింది. నాగోలు నుంచి ఉప్పల్ మీదుగా మెట్రో పరుగెత్తిస్తాననీ, పైగా సర్కారుకే 30,311 కోట్లు ఎదురిస్తాననీ పలికిన మేటాస్ ప్రతిజ్ఞ కూడా జులైలో రద్దయింది. సత్యాన్ని ఏప్రిల్‌లోనే టెక్ మహీంద్రా షేరుకు 58 రూపాయలిచ్చి చేపట్టింది. మేటాస్‌కు దిక్కెవరు? మన వీరుల వాదమంతా దీని మీదే.

"ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ వస్తుంది సార్, రాసిపెట్టుకోండి. తాకట్టు షేర్లు వాళ్ల చేతిలోనే ఉన్నాయి" అని ఇంజినీరుగారు సింహనాదం చేశారు.

"వచ్చి? అప్పులన్నీ షేర్లుగా మారుస్తారు. మన వాటా చాయ్‌లో నీళ్లు పోసినట్టే" అని కల్నల్ సాబ్ పత్రికతో బల్ల మీద కొట్టారు. దెబ్బకు కురచకాలు కంపించింది, బల్ల కంపించింది, గ్లాసులు కంపించాయి.

అదే ముహూర్తాన, ఇంజినీరుగారి తర్జనీమధ్యమాల నడుమనున్న ఉస్మానియా బిస్కెట్, అంచున ఉప్పురవ్వలు మిలమిలలాడగా, మీగడతరంగభంగురమైన చాయ్‌సాగరంలోకి మందరపర్వతంలా దిగింది. క్షణం నిలిచింది. రెండో క్షణం ఒరిగింది. మూడో క్షణం, సగం దేహం తెగి, బుడగల హాహాకారం నడుమ అడుక్కి పోయింది. సభ నిశ్చేష్టమైంది. ఆపన్నరక్షకుడిగా రెండో బిస్కెట్‌ను దించారాయన. అదీ పోయింది.

"నా ఫ్లాటో?" అన్నారు మాస్టారు. ఎనిమిది నెలల్లో మొదటి మాట.

ఇంజినీరుగారి జోస్యమే ఫలించింది. ఆ నెలాఖరుకల్లా కంపెనీ లా బోర్డు అనుమతితో ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ మేటాస్ ఇన్‌ఫ్రా పగ్గాలు పట్టింది. తర్వాత పేరు కూడా తన ఇంటిపేరే పెట్టుకుంది. మాస్టారి ప్రాపర్టీస్ వంతు 2011లో గాని రాలేదు, అప్పుడూ ఆపద్బాంధవుడు అతడే. ఆ రోజు చాయ్ కొట్టు దగ్గర ఇంజినీరుగారి నడక చూడాలి! దిగ్విజయం ముగించుకొచ్చిన రఘుమహారాజు కూడా అంత నిదానంగా రోడ్డు దాటి ఉండడు. వెనక ఆర్టీసీ బస్సు హారను వందిమాగధుల స్తోత్రంలా మోగుతూనే ఉంది.

2018 అక్టోబరు 1న కేంద్రం ఆ ఆపద్బాంధవుడి బోర్డునే తప్పించింది. అప్పులు 90 వేల కోట్ల పైమాటే. కల్నల్ సాబ్ మీసం దువ్వారు. మాస్టారు అద్దాలు తుడుచుకున్నారు. ఇంజినీరుగారు మూడు చాయ్‌లు చెప్పి, సింహాసనం సర్దుకుని, గొంతు సవరించారు:

"ఎల్ఐసీ వస్తుంది సార్, రాసిపెట్టుకోండి."