కర్ర ఉన్నవాడిదే వ్యాసం

ఇంగ్లండులో పేరుమోసిన ఒక బోర్డింగ్ స్కూలు ప్రచార విభాగంలో కొత్తగా చేరిన దొరగారికి నమస్కారం. మీకు అప్పజెప్పిన మొదటి పని ఏమిటో నాకు తెలుసు. ఏడాదికి 50 వేల పౌండ్ల పైచిలుకు ఫీజు కట్టబోయే తండ్రి మొదట ఫోను తీసి బడి పేరు కొడతాడు. వికీపీడియా వ్యాసం తెరుచుకుంటుంది. పైన గోపురాల ఫొటో, పక్కన లాటిన్ సూక్తి, కింద ‘వివాదాలు’ అని ఓ ఉపశీర్షిక. ఆ కిందదాని సంగతి చూడమని హెడ్‌మాస్టరు మిమ్మల్ని గదిలోకి పిలిచి మెల్లగా చెప్పి ఉంటారు. కంగారు పడకండి. ఆ వ్యాసాన్ని కాస్త తెల్లబరచడానికి అక్కడి నిబంధనలే మీకు పనికొస్తాయి. ఎలాగో చెబుతాను.

ముందు పొగడ్తల మోజు వదులుకోండి. ‘ప్రతిష్ఠాత్మక’, ‘ప్రపంచ ప్రఖ్యాత’ అని రాశారా, ఊరూ పేరూ తెలియని స్వచ్ఛంద సంపాదకుడెవరో అరగంటలో పీకేస్తాడు. మీకు విశేషణాలతో పనేమిటి? తేదీలే డప్పు కొడతాయి. వించెస్టర్ 1382. ఈటన్ 1440. ఈటన్‌ను ఆరో హెన్రీ 70 మంది పేద విద్యార్థులకు ఉచితంగా చదువు చెప్పించడానికి పెట్టాడని చరిత్ర విభాగంలో రాసుకోవచ్చు, మూలం ఉంది. ఫీజు ఎంతో ఇంకో విభాగంలో రాసుకోవచ్చు, దానికీ మూలం ఉంది. ఈ రెండు వాక్యాల్నీ పక్కపక్కన పెట్టి మధ్యలో ‘కానీ’ అనడం మాత్రం నేరం. విడివిడి మూలాల్ని కలిపి సొంత తీర్మానం చేయడాన్ని వికీపీడియా ఒప్పుకోదు. కాబట్టి పేదల బడి ఒకచోట, పెద్దల ఫీజు ఒకచోట, చుట్టరికం లేనట్టే బతుకుతాయి. పాఠకుడే కలుపుకోవాలి. అంత తీరిక ఉన్నవాడు మీ బడికి దరఖాస్తు పెట్టడు లెండి.

ఇక రెండో మెట్టు, అసలు పనితనం ఇక్కడే ఉంది. వ్యాసంలో ఇలాంటి వాక్యం ఉందనుకుందాం: “పెద్ద తరగతుల కుర్రాళ్ళు చిన్నవాళ్ళ చేత బూట్లు తుడిపించుకునేవారు, మాట వినకపోతే బెత్తంతో కొట్టేవారు.” దీన్ని ఒక్క దెబ్బకు లేపేస్తే దొరికిపోతారు. సోమవారం ‘కొట్టేవారు’ తీసి ‘బెత్తం వాడకం ఉండేది’ అనండి. కొట్టినవాడు మాయం. దిద్దుబాటు సారాంశంలో ‘భాష సవరణ’ అని రాయండి. గురువారం ‘ఆ కాలపు ఇతర బడుల్లో మాదిరిగానే శారీరక శిక్ష అమల్లో ఉండేది’ అనండి. ఇప్పుడు దెబ్బ తిన్నవాడూ మాయం, బూట్లూ మాయం. ‘ఇది చిన్న మార్పు’ అనే గడిలో టిక్కు పెట్టడం మరవద్దు. నెల తిరిగేసరికి ‘క్రమశిక్షణకు ఈ బడి పెట్టింది పేరు’ అనేయండి. ఎవరూ అబద్ధం ఆడలేదు. పిల్లవాడి వీపు మీది వాతలు మూడు చిన్న మార్పుల్లో మాసిపోయాయి, అంతే.

‘ఆ కాలం’ అన్నామే, అది ఎప్పుడు ముగిసిందని మాత్రం ఎవర్నీ అడగనివ్వకండి. బ్రిటన్ సర్కారు బడుల్లో బెత్తం 1987లో పోయింది. ఫీజు కట్టించుకునే ప్రైవేటు బడుల్లో, ఇంగ్లండు, వేల్సుల్లోనే, 1999 దాకా చట్టబద్ధంగా నిలిచింది. అంటే పన్నెండేళ్ళపాటు కూలివాడి కొడుకు వీపుకు చట్టం అడ్డుండేది, లార్డుగారి కొడుకు వీపుకు లేదు. తండ్రి డబ్బు పోసి కొనిపెట్టిన సదుపాయాల్లో అదొకటి. ఈ వాక్యం వ్యాసంలో చేరితే ‘ఇది ఈ ఒక్క బడికి సంబంధించిన విషయం కాదు’ అని తీసేయండి. నిజమే కదా, అన్ని బడులకూ సంబంధించింది. అన్నింటికీ సంబంధించింది ఏ ఒక్కదాంట్లోనూ ఉండనక్కర్లేదు.

మూడోది, చర్చాపేజీకి వచ్చే ముసలాయన. అరవై దాటిన పూర్వ విద్యార్థి ఒకాయన ఏ అర్ధరాత్రో వచ్చి, ఫలానా ఏడు నన్ను ఇలా కొట్టారు, నాతో పాటు ఇంకో నలుగుర్ని కొట్టారు అని రాస్తాడు. మీరు నోరు పారేసుకోవద్దు. ‘ఆధారం చూపాలి’ అని రెండు మాటలు తగిలించి ఊరుకోండి. ఆయన వీపు ప్రచురిత మూలం కాదు. ఆ నియమం తప్పని నేను అనను, అది లేకపోతే ఎవడికి తోచింది వాడు రాసేస్తాడు. సాక్షాత్తూ అమెరికన్ నవలాకారుడు ఫిలిప్ రాత్‌కే 2012లో వికీపీడియా వాళ్ళు, మీ నవల సంగతి చెప్పడానికి మీ మాటొక్కటే చాలదన్నారు. ఆయన న్యూయార్కర్ పత్రికలో బహిరంగ లేఖ అచ్చేసి, అదుగో మూలం అన్నాడు. మీ ముసలాయనకు న్యూయార్కర్ లేదు. మీ బడికి మాత్రం బడి చరిత్ర అనే అట్టపుస్తకం ఉంటుంది. రిటైరైన మాస్టారు రాసింది, బడి డబ్బుతో అచ్చయింది, బడి లైబ్రరీలోనే భద్రంగా ఉన్నది. పేజీ నంబరుతో సహా ఉటంకించవచ్చు. కర్ర ఉన్నవాడిదే బర్రె అంటారు మా వైపు. అప్పట్లో కర్ర పట్టుకున్నదీ మీరే, ఇప్పుడు కాగితం పట్టుకున్నదీ మీరే.

అచ్చులోకి ఎక్కడం అంత సులువేం కాదని జార్జ్ ఆర్వెల్‌ను అడిగినా చెప్పేవాడు. ఈస్ట్‌బోర్న్‌లోని సెయింట్ సిప్రియన్స్ అనే బోర్డింగ్ స్కూల్లో తాను తిన్న దెబ్బల గురించీ, పడ్డ అవమానాల గురించీ సుదీర్ఘమైన వ్యాసం రాశాడు. పరువునష్టం దావాకు జడిసి బ్రిటన్‌లో ఎవరూ వేయలేదు. ఆయన పోయిన రెండేళ్ళకు, 1952లో, అమెరికాలో వెలువడింది. బ్రిటన్‌లో అచ్చయింది 1968లో, ఆ బడి నడిపినావిడ కన్నుమూశాకే. ఆ బడి 1939లోనే తగలబడిపోయింది! కాలి బూడిదైన బడి కూడా అంత పెద్ద రచయిత నోరు ఏళ్ళ తరబడి నొక్కగలిగితే, నిక్షేపంగా నడుస్తూ లాయర్లను పెట్టుకున్న బడి మాటేమిటి? ఆ ఏళ్ళలో బ్రిటన్‌లో విజ్ఞాన సర్వస్వం ఎవరు రాసినా, ఎంత నిజాయితీగా రాసినా, ‘దెబ్బలకు ఆధారం లేదు’ అనే రాయాలి.

ఒకవేళ ఆధారం వచ్చిపడినా దిగులక్కర్లేదు, ‘అధిక ప్రాధాన్యం’ అనే నాలుగో ఆయుధం ఉంది. 2006లో ఈటన్, వించెస్టర్ సహా 50 ప్రైవేటు బడులు పెంచబోయే ఫీజుల వివరాలు ఒకరికొకరు ముందే చెప్పుకున్నాయని బ్రిటన్‌లోని ఆఫీస్ ఆఫ్ ఫెయిర్ ట్రేడింగ్ తేల్చింది. చివరికి నామమాత్రపు జరిమానాలు, విద్యార్థుల కోసం 30 లక్షల పౌండ్ల నిధితో ఒప్పందం. పిల్లలపై లైంగిక హింస మీద వేసిన స్వతంత్ర విచారణ సంఘం 2022లో రెసిడెన్షియల్ స్కూళ్ళ గురించి ప్రత్యేక నివేదిక ఇచ్చింది. పిల్లల క్షేమం కంటే బడి పరువు ముఖ్యమనుకున్న సందర్భాల్ని అందులో ఎత్తిచూపింది. మీరేమనాలంటే, ‘ఆరొందల ఏళ్ళ చరిత్రలో ఇవెంత? రెండు వాక్యాలు చాలు’ అనాలి. అదే నోటితో పూర్వ విద్యార్థుల జాబితా పొడిగిస్తూ పోవాలి. ఈటన్ నుంచి 20 మంది ప్రధానమంత్రులు. హారో నుంచి ఏడుగురు, పైగా 1905లో అక్కడ చేరిన మా నెహ్రూ. జాబితా మరీ పొడవైతే కత్తిరించరు, దానికి వేరే వ్యాసం కట్టబెడతారు. పాత ఈటన్ విద్యార్థులకు పుట్టిన శతాబ్దాన్ని బట్టి విడివిడి జాబితాలే ఉన్నాయి. కీర్తి ఎక్కువైతే ఇంకో పేజీ, అపకీర్తి ఎక్కువైతే కత్తెర!

ఒక్క జాగ్రత్త. పని బడి కంప్యూటర్ నుంచి చేయకండి. 2007లో వికీస్కానర్ అనే పనిముట్టు వచ్చి, పేరు చెప్పకుండా దిద్దిన కంపెనీలూ ప్రభుత్వ కార్యాలయాలూ ఏ వాక్యాలు మింగాయో బయటపెట్టింది. జీతం తీసుకుని దిద్దేవాడు ఆ సంగతి చెప్పి తీరాలని 2014 నుంచి నియమం కూడా ఉంది. ఆ నియమం పాటిస్తే మీ ఉద్యోగమే లేదు కాబట్టి దాని గురించి ఎక్కువ చెప్పను. పైగా వికీపీడియాకు బడి కంప్యూటర్ల మీద ఎప్పట్నుంచో అనుమానం. మధ్యాహ్నం కంప్యూటర్ క్లాసులో పద్నాలుగేళ్ళ కుర్రాడు హెడ్‌మాస్టరు బట్టతల గురించి ఓ బూతు మాట చేరుస్తాడు. దాన్ని దుశ్చర్య అంటారు. ‘బాట్’ అనే ప్రోగ్రాములు క్షణాల్లో పట్టేసి చెరిపేస్తాయి, ఒక్కోసారి బడి మొత్తానికీ దిద్దే హక్కు పోతుంది. వాడు రాసింది బహుశా నిజమే, బట్టతల అందరికీ కనిపిస్తూనే ఉంటుంది. మీరు మర్యాదగా, వ్యాకరణం తప్పకుండా, మూడు వాయిదాల్లో చేసింది మాత్రం ఏళ్ళ తరబడి నిలుస్తుంది. బూతును పట్టే యంత్రం ఉంది, మర్యాదను పట్టే యంత్రం లేదు.

యంత్రం లేకపోయినా మనుషులున్నారు, అదే మీకు తలనొప్పి. పైసా జీతం లేకుండా, మీ బడి గేటు కూడా ఎన్నడూ చూడకుండా, మీరు తీసిన వాక్యాన్ని మళ్ళీ మళ్ళీ తెచ్చిపెట్టే పిచ్చివాళ్ళు. ఇరవై నాలుగు గంటల్లో మూడు కంటే ఎక్కువసార్లు రద్దు చేస్తే నిషేధం పడుతుంది కాబట్టి వాళ్ళతో పోటీకి దిగకండి. వ్యాసం పైన ‘చరిత్ర చూడండి’ నొక్కితే మీ సోమవారం మార్పూ, గురువారం మార్పూ, నిమిషాలతో సహా అక్కడే ఉంటాయి. కడిగిన మరకతో పాటు కడిగిన చేయి కూడా కనబడుతుంది.

అందుకే చివరగా వేరే దారొకటి చెబుతాను, మీ హెడ్‌మాస్టరుకు నచ్చదు. చాలా ఇంగ్లీషు బడుల్లో శిక్షల పుస్తకం అని ఒకటి ఉండేది. పిల్లవాడి పేరు, తేదీ, చేసిన తప్పు, పడిన దెబ్బలు, అన్నీ గుండ్రటి దస్తూరీలో. మీ బడిదీ ఏ బీరువాలోనో ఉండే ఉంటుంది. పేర్లు కప్పెట్టి అచ్చు వేయించండి. నియమం కోరే ప్రచురిత మూలం దొరికినట్టే, చర్చాపేజీలో ఆ ముసలాయన వాదులాట తీరినట్టే. ఇన్నాళ్ళూ ‘ఆధారం చూపాలి’ అనే ఆ రెండు మాటలు తప్పు మనిషికి తగిలిస్తున్నారు దొరగారూ. చూపాల్సింది దెబ్బలు తిన్నవాడు కాదు, బీరువా తాళంచెవి మొలలో పెట్టుకున్నవాడు.