పద్నాలుగు అంకెల అమ్మ

సంబంధిత అధికారులకూ, మాకేం సంబంధం లేదనే అధికారులకు అంతకన్నా ముందుగానూ, ఒక గృహస్థు సవినయంగా విన్నవించుకునేది ఏమనగా: మా ఇంట్లో ఒక ప్రభుత్వ కార్యాలయం నడుస్తోంది. దానికి బోర్డు లేదు, బడ్జెట్టు లేదు, ఆదివారం సెలవు లేదు. బీరువాలో పట్టుచీరల కింద మా అమ్మ ఎక్స్‌రేలు, చీరల మీద డిశ్చార్జి సమ్మరీలు, పక్క అరలో రక్త పరీక్షల కాగితాలు, మరీ పాతవి బట్టల షాపు కవర్లో. ఈ శాఖకు అధిపతినీ, గుమస్తానూ, బంట్రోతునూ నేనే. నా ఫిర్యాదు ఈ కార్యాలయం ఉన్నందుకు కాదు. దీన్ని మూసేస్తామని మాటిచ్చి ఇంకా మూయనందుకు.

మాటిచ్చినవాళ్లు చిన్నవాళ్లేం కాదు. ప్రతి భారతీయుడికీ ఒక ఆరోగ్య ఐడీ ఇస్తామని 2020 ఆగస్టు 15న ఎర్రకోట మీద నుంచి ప్రధానమంత్రే చెప్పారు. మరుసటి ఏడు సెప్టెంబరు 27న ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ పేరుతో అది దేశమంతటా మొదలైంది. కొన్నాళ్లకు మా వీధిలోకి ఏఎన్‌ఎం అమ్మాయి ఫోను పట్టుకుని వచ్చింది. "మామ్మగారూ, ఆధార్ కార్డు తెండి, ఆభా చేసేద్దాం" అంది. ఆ ఆరోగ్య ఐడీ పేరే ఆభా. ఆధార్‌కి 12 అంకెలు, ఆభాకి 14. తనకి రెండంకెలు ఎక్కువొచ్చాయని మా అమ్మ కాస్త పొంగింది కూడా.

ఏర్పాటు చక్కగానే ఉంది, ఆ మాట దాచను. రోగుల రికార్డులన్నీ తెచ్చి ఢిల్లీలో ఒకేచోట కుప్పపోయరట. ఏ ఆసుపత్రి రాసింది ఆ ఆసుపత్రి దగ్గరే ఉంటుంది. ఇంకో డాక్టరు చూడాలంటే ముందు రోగికి కబురు వస్తుంది. అడిగేదెవరు, ఎందుకు, ఏ రకం కాగితాలు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, చూసుకోవడానికి గడువెంత, అన్నీ చెప్పి సమ్మతి అడుగుతారు. సరేననొచ్చు, కాదనొచ్చు, సరేనన్నాక మనసు మార్చుకుని వెనక్కీ తీసుకోవచ్చు. నా పెళ్లికి నన్నెవరూ ఇంత వివరంగా అడగలేదు. వెనక్కి తీసుకునే సౌకర్యం గురించి మా ఆవిడ వినేలా ఎత్తను కూడా ఎత్తను.

సమ్మతి అంటే ఏమిటో అమ్మకి అరగంట విడమరిచి చెప్పాను. అంతా విని, "సరేలే, చూసుకున్నాక జాగ్రత్తగా తిరిగిచ్చెయ్యమను" అంది.

చిక్కల్లా ఓటీపీ దగ్గర. అమ్మ ఆధార్‌కి ఏనాడో మా తమ్ముడి నంబరు ఇచ్చాం. వాడు బెంగళూరులో ఉంటాడు. ఇక్కడ అమ్మ డాక్టరు ముందు మోకాలు చాపుకుని కూర్చుంటే, ఆ మోకాలి తాలూకు ఓటీపీ బెంగళూరు వెళ్లి మీటింగులో కూర్చుంటుంది. "అన్నయ్యా, పది నిమిషాలాగు" అంటాడు వాడు. ఓటీపీ ఆగదు. వెనకాల క్యూ అసలే ఆగదు.

తమ్ముడు కనికరించినా పని అయిపోదు. పాత రికార్డులు ఈ ఖాతాకి తగలాలంటే పేరు, ఆడో మగో, పుట్టిన సంవత్సరం, ఫోను నంబరు సరిపోవాలి. అమ్మ తరంవాళ్ల పుట్టుకల సంగతి మీకు తెలియంది కాదు. ఆధార్ ప్రకారం మా వీధిలో పెద్దవాళ్లు సగం మంది జనవరి 1నే పుట్టారు. సంవత్సరం ఆధార్‌లో ఒకటి, ఆసుపత్రి పుస్తకంలో ఇంకొకటి, అమ్మ చెప్పేది మూడోది. పెద్ద తుఫానొచ్చిన ఏడు పుట్టానంటుంది గానీ ఏ తుఫానో చెప్పదు. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఒకచోట లేనేలేదు. కంప్యూటరు లెక్కలో మా అమ్మ ముగ్గురు ముసలమ్మలు, ముగ్గురికీ షుగరు.

ఓపీ కౌంటరు దగ్గర గోడకి అంటించిన క్యూఆర్ కోడ్ మాత్రం మేలే చేసింది. ఫోనుతో స్కాన్ చేస్తే పేరు, వయసు, ఊరు వాటంతటవే వెళ్లి టోకెన్ వస్తుంది. చీటీ కోసం మోచేతులతో పొడుచుకోవడం తగ్గింది. అయితే ఖాతా తెరిచి చూస్తే వరసగా కనబడేవి ఆ ఓపీ చీటీలే. ఫలానా రోజు అమ్మ ఆసుపత్రికి వచ్చింది. ఇంకో రోజు కూడా వచ్చింది. వచ్చాక ఏమైందన్నది పట్టుచీరల కింద ఉంది.

ఇదేమీ కొత్త బాకీ కాదు. ఇన్‌పేషెంట్ల రికార్డులు మూడేళ్లు దాచాలని, రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని, త్వరగా దొరికేలా కంప్యూటర్లోకి ఎక్కించే ప్రయత్నం చేయాలని భారత వైద్య మండలి 2002 నియమావళిలోనే రాసిపెట్టారు. ప్రయత్నం అన్నారు కాబట్టి ప్రయత్నం జరుగుతూనే ఉంది. ఆ 72 గంటల మాట నేనొక ఆసుపత్రి కౌంటర్లో ఎత్తాను. అక్కడి అబ్బాయి నన్ను జాలిగా చూసి, "కేస్ షీటు రికార్డు రూములో ఉందండీ. తాళం ఉన్నాయన సెలవులో ఉన్నారండీ" అన్నాడు.

ఇంగ్లండులో డాక్టరుగా పనిచేసే మా పెదనాన్నగారబ్బాయి ఫోనులో ఓదార్చాడు. అక్కడ 2002లోనే దేశమంతటి రికార్డులూ కలిపేస్తామని బయల్దేరి, వందల కోట్ల పౌండ్లు పోసి, 2011లో చాలించుకున్నారట. 2018లో లెక్కపెడితే వాళ్ల సర్కారు ఆసుపత్రుల్లో ఇంకా 8 వేలకు పైగా ఫ్యాక్స్ యంత్రాలు తేలాయట. అది విని నాకు ఊరట కలగలేదు, ఫ్యాక్స్ యంత్రం మీద ఆశ కలిగింది.

అలాగని కాగితమే శాశ్వతమని వాదించను. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద సైబర్ దాడి జరిగి దాదాపు రెండు వారాలు అంతా చేత్తో రాసుకుంటే, మా బీరువా మీద దాడికొచ్చింది చెదపురుగులొక్కటే కదా అని కొన్నాళ్లు మురిశాను. తర్వాత ఈసీజీలు బయటకు తీశాను. గుండె గీతలు ఉండాల్సిన చోట తెల్ల కాగితం ఉంది. ఆ కాగితం మీద అచ్చు తనంతట తనే వెలిసిపోతుందట. అమ్మ గుండె చరిత్రను ఏ దొంగా దోచుకోకుండానే పోగొట్టుకున్నాం.

ఒక్కసారి మాత్రం అంతా అనుకున్నట్టే జరిగింది. ఒక కుర్ర డాక్టరుగారు నా కవరు వైపు చూసి, "అవన్నీ అక్కర్లేదండీ, ఆన్‌లైన్లో తెప్పిస్తాను" అన్నారు. నా కళ్లు చెమర్చాయి. కబురొచ్చింది. ఆ క్షణాన తమ్ముడు మీటింగులో లేడు. సమ్మతి ఇచ్చాం. అంతకుముందు చూపించిన ఆసుపత్రి నుంచి రికార్డు తెర మీదికి వచ్చి వాలింది. చూస్తే అది నా కవర్లో ఉన్న కాగితానికే ఫొటో. కొంచెం వంకరగా తీశారు, ఒక మూల ఎవరిదో బొటనవేలు. డాక్టరుగారు దాన్ని పెద్దది చేశారు, చిన్నది చేశారు, తల పక్కకి వంచారు.

"ఇదేం మందండీ?" అని నన్నే అడిగారు.

"టెల్మిసార్టన్ 40, పొద్దున్న. మెట్‌ఫార్మిన్ 500, రెండు పూటలా తిన్నాక. కిందది కాల్షియం, ఆపేశారండీ" అని అప్పజెప్పాను.

ఆయన శ్రద్ధగా విని, అన్నీ ఒక చీటీ మీద రాసి, సంతకం పెట్టి నా చేతికిచ్చారు. "ఈసారి వచ్చేటప్పుడు ఇది మాత్రం మర్చిపోకుండా తెండి" అన్నారు.