ఏటా అధికమాసం

యూసుఫ్‌గూడలో సెల్‌ఫోన్ ఉన్నది మాట్లాడటానికి కాదు, మోగటానికి. పక్కనే కృష్ణానగర్. పొద్దున్నే టీ బండి దగ్గర నిలబడ్డ జూనియర్ ఆర్టిస్టులందరి చూపూ సెల్లు మీదే. "షూటింగుంది, రా" అని అవతలివాళ్లు చేయాలి. మనం చేస్తే ఎత్తరు.

నాకు సినిమాతో సంబంధం లేదు గానీ ఇక్కడి గాలి సోకింది. నా ప్లానులో అన్‌లిమిటెడ్ కాల్స్. నాకు చేసేది మా బావమరిది ఒక్కడే. అప్పుడు కూడా వాడే మాట్లాడతాడు.

మాలాంటివాళ్లకూ ఓ స్వర్ణయుగం ఉండేది. 2003 మేలో ఇన్‌కమింగ్ ఉచితమైంది. మిస్డ్ కాల్ ఇచ్చి మీసం మెలేశాం. 2005 చివర్లో 999 రూపాయలకు 'లైఫ్‌టైమ్' ప్లాన్లొచ్చాయి. ఎవరి లైఫ్ అని అప్పుడెవరూ అడగలేదు. 2018 చివర్లో తెలిసొచ్చింది: 28 రోజులకోసారి కనీసం 35 రూపాయలు వేయించకపోతే ఇన్‌కమింగూ బంద్. ఆ కనీసం పెరిగి పెరిగి 2024 జూలై నాటికి కొన్ని పెద్ద కంపెనీల్లో 199కి చేరింది.

28 రోజుల లెక్కన ఏడాదికి పదమూడు రీఛార్జులు. మన పంచాంగంలో అధికమాసం మూడేళ్లకోసారి వస్తే, వీళ్ల పంచాంగంలో ఏటా వస్తుంది. 30 రోజుల ప్లాను ఒక్కటైనా ఉంచమని 2022లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ చెప్పాల్సి వచ్చింది.

ప్రయాణాల్లో మాత్రం సుఖపడ్డాం. పూర్వం తిరుపతి దాకా ధారాళంగా మాట్లాడినవాణ్ని తిరుత్తణిలో మౌనవ్రతం పట్టేవాణ్ని. సర్కిల్ దాటితే ఫోన్ ఎత్తినా డబ్బులే. రాష్ట్రం రెండైనా కంపెనీల లెక్కలో ఇప్పటికీ ఒకటే సర్కిల్. ఇప్పుడు దేశమంతా రోమింగ్ గోల లేదు. అమెరికాలో పిల్లల దగ్గర ఆర్నెల్లుండే పెద్దవాళ్లకు మాత్రం బెంగ తీరలేదు. ఇక్కడి సిమ్ము బతికుంటేనే బ్యాంకు ఓటీపీ వస్తుంది. మనుమణ్ని ఆడించడం ఒక ఎత్తు, ఆ సిమ్ముకు ప్రాణం పోస్తూ ఉండటం ఒక ఎత్తు.

నెట్ అక్కర్లేనివాళ్లకు కాల్స్, ఎస్సెమ్మెస్‌లతోనే ప్లాన్లివ్వాలని, వాలిడిటీ 365 రోజుల దాకా ఉండొచ్చని 2024 డిసెంబరులో ట్రాయ్ తేల్చింది. మా వీధి రీఛార్జ్ షాపులో అడిగాను.

"నెట్ లేకుండానా అంకుల్?" అని జాలిగా చూశాడు కుర్రాడు. "సరే, ఏడాదికి వేసేయమంటారా?"

మా ఆవిడ అడ్డుపడింది.

"ఏడాదికే? ముందు షుగర్ టెస్టు చేయించుకోండి. రిపోర్టు చూసి వేయిద్దాం."