ఉప్పుగూడ జీపు పద్యం: టీకా తాత్పర్య విశేషాలు

ఆ.వె.
పాత జీపు పోయె, బాగుజేసెడువాడు
కొత్త జీపు చూసి గుటకవేసె;
ఎన్ని లక్షలనుచు నెల్లరు నడుగంగ
ఉప్పుగూడ గల్లి యుసురుమనియె.

అవతారిక

ఈ చాటువు కర్త ఎవరో తేలలేదు. హైదరాబాద్‌లో ఫలక్‌నుమా ఎంఎంటీఎస్ రైలు ఎక్కి, యాకుత్‌పురా దాటాక ఉప్పుగూడలో దిగి, ఛత్రినాక వైపు నడిస్తే తగిలే గల్లీలలో ఏదో ఒకదానిలో పుట్టి ఉంటుందని పద్యమే చెబుతోంది. కాలం 2020 అక్టోబరు. ఆ నెల 2వ తేదీన మహీంద్రా కంపెనీ కొత్త థార్ ధర ప్రకటించింది. కవి సంసారి అనడానికీ, నెలనెలా కట్టాల్సిన కిస్తీ ఒకటి అప్పటికే ఆయన నెత్తిన ఉందనడానికీ ‘ఉసురుమనియె’ అనే క్రియే సాక్ష్యం. కాళిదాసుకు వ్యాఖ్య రాసిన మల్లినాథసూరి మన మెదక్ సీమ కొలిచలమవాడే గానీ ఆయన నాటికి జీపు లేదు. అందుచేత ఈ బరువు మాబోటివాళ్ల మీద పడింది.

ప్రతిపదార్థం

పాత జీపు = 2010లో పుట్టిన మొదటి థార్; పోయె = షోరూం విడిచెను; బాగుజేసెడువాడు = గల్లీ చివరి షెడ్డులోని ఉస్తాద్; కొత్త జీపు = అదే పేరు పెట్టుకుని వచ్చిన రెండో థార్; చూసి = బానెట్ ఎత్తి చూసి (ఊరికే చూసి అని చెప్పరాదు; ఊరికే చూసినవాడు గుటక వేయడు, పక్కన నిలబడి ఫోటో దిగుతాడు); గుటకవేసె = నోట మాట రాక ఉమ్మి మింగెను; ఎన్ని లక్షలనుచు = ఆన్‌రోడ్ ఎంత పడుతుందని; ఎల్లరు = కొనే ఉద్దేశం లేనివారందరును; అడుగంగ = అడుగుచుండగా; ఉప్పుగూడ గల్లి = ఆ గల్లీలోని జనము (గల్లీకి ఊపిరి లేదు గనుక లక్షణావృత్తి); ఉసురుమనియె = నిట్టూర్చెను.

తాత్పర్యం

చవక బండి పోయి ప్రియమైన బండి వచ్చినదని భావము.

ఇంతే అయితే పద్యం దేనికి, పేపరువాడే రాశాడు. లోపల వేరే సంగతి ఉంది.

విశేషాలు

‘పాత జీపు’. పాతది అంటే ఎంత పాతది? 1945లో మహీంద్రా అన్నదమ్ములు మాలిక్ గులాం మొహమ్మద్‌తో కలిసి ఉక్కు వ్యాపారం పెట్టినప్పుడు దాని పేరు మహీంద్రా అండ్ మొహమ్మద్. ఈ గులాం మొహమ్మద్ అంతకుముందు నిజాం కొలువులో ఆర్థిక శాఖ చూసినవాడు. పాతబస్తీ టీకాకారుడు ఈ ముక్క వదలకూడదు. దేశం విడిపోయాక ఆయన పాకిస్తాన్ వెళ్లి అక్కడ ఆర్థిక మంత్రి, ఆపైన గవర్నర్ జనరల్ అయ్యాడు. 1948లో ఇక్కడ కంపెనీ పేరు బోర్డు మీద మొహమ్మద్ స్థానంలో ఇంకో మహీంద్రా చేరాడు. ఆ కంపెనీ అమెరికా విల్లీస్ జీపు భాగాలు తెప్పించి బొంబాయిలో బిగించడం మొదలుపెట్టింది. ఆ వంశంలోనే ఎంఎం 540, ఎంఎం 550, మేజర్, వాటి తర్వాత 2010లో థార్.

థార్ వచ్చిననాడు కూడా గల్లీ ఉసురుమన్నదే. కామన్ రైల్ ఇంజన్ పెట్టిన రకం ధర అప్పట్లో దాదాపు ఆరు లక్షలు. ఎంఎం 540 తోలినవాళ్లు “జీపుకు ఆరు లక్షలా!” అని ముక్కున వేలేసుకున్నారు. పదేళ్లు గడిచేసరికి ఆ ఆరు లక్షల బండే ‘పాపం, పాత జీపు’ అయి కూర్చుంది. కవి ఈ మెలికను చెప్పలేదు. చెప్పి ఉంటే పద్యం సీసమయ్యేది.

ఆ పాత బండి ఒంటి తీరు ఒకసారి చూడాలి. వెనక కమాన్ కట్టలు, నెత్తిన గుడ్డ పరదా, వెనక కూర్చునేవాళ్లకు ఎదురెదురు బల్లలు. బల్ల మీద మనుషులు, బల్లల నడుమ సామాను: డీజే డబ్బాలు, షామియానా గుంజలు, పెళ్లి వంట గుండిగలు. లాల్‌దర్వాజ బోనాల నాడు ఇలాంటి బండి ఒకటి గల్లీ మొగదల లేకపోతే కమిటీవాళ్లకు కాలూ చెయ్యీ ఆడేది కాదు. దాన్ని కొన్నవాడు పనికోసం కొన్నాడు; ఆదివారం కోసం కొనలేదు.

‘పోయె’. దానంతటది పోలేదు, పంపించారు. 2019 నుంచి గుద్దుడు పరీక్షల నిబంధనలు, ఏబీఎస్ నిబంధన బిగుసుకున్నాయి. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 పొగ నిబంధన వచ్చింది. పాత థార్‌లో ఒక్క ఎయిర్‌బ్యాగూ లేదు. 2019 జూన్‌లో కంపెనీ దానికి ఘనంగా వీడ్కోలు పలికింది: థార్ 700 అని పేరు పెట్టి 700 బండ్లు మాత్రమే చేసి, ఒక్కోటి 9.99 లక్షలకు అమ్మింది.

ఇక్కడ పూర్వపక్షం లేస్తుంది. “పోయేటప్పుడు పాతదాని ధర 9.99 లక్షలు. వచ్చేటప్పుడు కొత్తదాని ధర 9.80 లక్షల నుంచి మొదలు. అంటే కొత్తదే పందొమ్మిది వేలు తక్కువ. మరి గల్లీ ఉసురుమనడం దేనికి? కవికి లెక్కలు రావు.”

సమాధానం. ఆ 9.80 లక్షల రకం గుడిలో తీర్థంలాంటిది, ముందున్నవాళ్లకే అందింది. కొద్ది నెలల్లోనే జాబితాలోంచి మాయమై, మొదటి మెట్టు 11.90 లక్షలకు పోయింది. మాయమైన రకంలోనే ఎదురెదురు బల్లలున్నాయి. వాటితోపాటు గుండిగలకు చోటు పోయింది. మిగిలిన రకాల్లో నలుగురే, ముందుకు చూస్తూ, బెల్టులు పెట్టుకుని. అటు తర్వాత 2023 జనవరిలో మళ్లీ 9.99 లక్షలకు ఒక థార్ దిగింది గానీ దానికి వెనక చక్రాలకే పట్టు. బురదలోంచి లాగే ముందు చక్రాల బలం తీసేశారు. 2024 ఆగస్టు 15న అయిదు తలుపుల థార్ రాక్స్ వచ్చింది, 12.99 లక్షల నుంచి. కనుక కవికి లెక్కలు వచ్చు. వీడ్కోలు ధరతో స్వాగత ధరను పోల్చడం వ్యాపారి లెక్క. 2010లో ఎంత పెడితే బండి ఇంటికొచ్చింది, ఇప్పుడు ఎంత పెట్టాలి అనేది గల్లీ లెక్క.

‘బాగుజేసెడువాడు’. పద్యానికి ప్రాణం ఇక్కడుంది. జీపు పోయింది అనగానే మామూలు కవి అయితే యజమాని చేత ఏడిపించేవాడు. ఈ కవి మెకానిక్ చేత గుటక వేయించాడు.

కొత్త థార్ ఒకటి మొదటిసారి గల్లీలోకి వచ్చిన నాటి సంగతి. ఎవరో చుట్టపుచూపుగా వచ్చినవాళ్ల బండి, చార్మినార్ చూసి అటునుంచటే వచ్చారట. ఉస్తాద్ చేతులకున్న గ్రీజు పాత లుంగీ గుడ్డతో తుడుచుకుని, బానెట్‌కు రెండు వైపులా ఉన్న క్లాంపులు చూడగానే ముఖం విప్పారించాడు. అవి పాత జీపు గుర్తులే. టక టక ఊడదీసి బానెట్ ఎత్తాడు. లోపల ఇంజన్ కనబడలేదు. నల్లటి ప్లాస్టిక్ మూత కనబడింది. వేలి కణుపుతో దాన్ని రెండుసార్లు తట్టాడు. తట్టి, బానెట్ మెల్లగా దించి, క్లాంపులు మళ్లీ పెట్టాడు. గుటక ఆ సమయంలోనిదే.

“ఫైవ్ ఫార్టీ అయితె చెవి పెట్టి ఇంటె చాలు సార్. నాజిల్ పోయిందా, బేరింగ్ పోయిందా అదే చెప్తుండె. బ్యాటరీ డౌనైతె నలుగురు పోరగాండ్లు ధక్కా ఇస్తె సురువైతుండె. దీనికి వైరు గుచ్చి ఫోన్ల చూడాలె. ఫోనేమొ షోరూంకు కొండబొమ్మంటది.”

పూర్వపక్షం మరొకటి: “2010 నాటి కామన్ రైల్ థార్‌లోనూ కంప్యూటర్ ఉండె గదా? అప్పుడెందుకు గుటక వేయలేదు?” వేశాడు. కానీ అప్పుడు పక్కనే పాత డీఐ ఇంజన్ రకం కూడా అమ్ముడయ్యేది. చేతికి పని ఉండేది, గుటక చప్పుడు వినబడలేదు. ఈసారి ఆ రెండోదారి లేదు. ధర పెరగడమంటే కొనేవాడి జేబుకు సంబంధించిన విషయమని అందరూ అనుకుంటారు. బండిని ముట్టుకునే అధికారం ఎవరికుందో కూడా అదే తేలుస్తుంది. ఆరు లక్షల బండిని గల్లీలో విప్పేవాళ్లు. పద్నాలుగు లక్షలు పోసినవాడు వారంటీ పోతుందని విప్పనివ్వడు. ఉస్తాద్ విప్పుతానన్నా “వద్దు భాయ్, షోరూంల చూపిస్తం” అంటాడు, చాలా మర్యాదగా.

ఒక మాట కొత్త బండి పక్షాన కూడా చెప్పాలి, లేకపోతే టీకాకు న్యాయం ఉండదు. 2020 నవంబరులో గ్లోబల్ ఎన్‌క్యాప్ గుద్దుడు పరీక్షలో కొత్త థార్‌కు పెద్దల భద్రతకు నాలుగు, పిల్లల భద్రతకు నాలుగు చుక్కలు వచ్చాయి. పాత జీపు వెనక బల్ల మీద పిల్లల్ని కూర్చోబెట్టుకుని శంషాబాద్ దాకా పోయినవాళ్లకు ఆ నాలుగు చుక్కల విలువ తెలుసు. ఉస్తాద్‌ను అడిగితే ఆయనా ఒప్పుకుంటాడు: “బండి మంచిదే సార్. నాది కాదు, అంతే.”

‘కొత్త జీపు’. వెడల్పు 1726 మిల్లీమీటర్ల నుంచి 1820కి పెరిగింది. కంపెనీకి అది హుందాతనం. రెండు పక్కలా మెట్లు, మెట్ల పక్కన మోటార్ సైకిళ్లు, మోటార్ సైకిళ్ల మీద ఎండేసిన బొంతలు ఉన్న గల్లీకి అది తొమ్మిది సెంటీమీటర్ల తగాదా.

‘ఎన్ని లక్షలనుచు’. కవి అంకె చెప్పలేదేమని కొందరు ఆక్షేపించారు. ఇది లోపం కాదు, ముందుచూపు. ఏ అంకె వేసినా ఆరు నెలల్లో అపపాఠమయ్యేది. ప్రశ్న మాత్రం పాతబడదు. పైగా షోరూం ధర ఒకటి, ఆన్‌రోడ్ ధర ఒకటి. 2022 మేలో తెలంగాణలో పది లక్షలు దాటి ఇరవై లక్షల లోపు బండికి జీవితకాల పన్నే 17 శాతానికి చేరింది. ఇన్సూరెన్సు, రిజిస్ట్రేషన్ ఆ పైన.

‘ఎల్లరు’. మొదటి నాలుగు రోజుల్లోనే దేశమంతా కలిపి తొమ్మిది వేల బుకింగులు వచ్చాయని కంపెనీ ప్రకటించింది. మొట్టమొదటి బండిని వేలం వేస్తే 1.11 కోట్లు పలికింది. ఆ సొమ్ము కోవిడ్ సాయానికి పోయింది. కనుక కొన్నవాళ్లు లేకపోలేదు. అడిగినవాళ్లు వేరు, అంతే.

‘ఉసురుమనియె’. అలంకారం ఏమిటి? అతిశయోక్తి అని పైపైన తోస్తుంది. కాదు, స్వభావోక్తి. ధర ప్రకటించిన పదకొండో రోజున, అంటే అక్టోబరు 13న, హైదరాబాద్ మీద ఆకాశం విరిగిపడింది. ఘట్‌కేసర్ వైపు ముప్పై సెంటీమీటర్లు దాటిన వాన. 17వ తేదీ రాత్రి మళ్లీ వాన, గుర్రం చెరువు కట్ట తెగడం, ఆ నీళ్లు ఎగువ బస్తీలను ముంచి ఛత్రినాక, శివాజీనగర్, ఉప్పుగూడ మీదికి రావడం. ఫ్రిజ్జులు తేలాయి, బియ్యం బస్తాలు ఉబ్బాయి, గల్లీలో నిలిపిన కార్లు ఒకదానిమీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి.

సరిగ్గా ఆ వారమే టీవీలో కొత్త థార్ ప్రకటన. కంపెనీ పుస్తకం ప్రకారం అది 650 మిల్లీమీటర్ల నీళ్లలోంచి దాటుతుంది. మనిషికి మోకాలి పైదాకా. దాన్ని నదిలోనో వాగులోనో నడిపి చూపిస్తారు. అసలు పరీక్ష పెట్టగల తావు ఉప్పుగూడ. కానీ ఉప్పుగూడలో ఆ బండి లేదు. బుక్ చేసుకున్నవాళ్లకే అది ఇంకా అందలేదు, వాళ్లుండేది వేరే చోట. నీళ్లు నడుములోతు దాటిన గల్లీలకు పడవలు వచ్చాయి. పడవలు పోలేని చోట ఎత్తైన ట్రాక్టర్లు పాల పాకెట్లు మోశాయి. బురదకోసం పుట్టిన వాహనం ధర పెరిగి బురద లేని పేటలకు పోయింది. బురద మాత్రం ఉన్నచోటే ఉంది. నిట్టూర్పు అక్కడిది.

పాఠాంతరం

‘పాత జీపు’ అన్నచోట ‘పాత జిప్సి’ అని కొన్ని ప్రతులలో ఉంది. గణభంగం లేదు, అర్థమూ కుదురుతుంది. మారుతి జిప్సీ 1985లో వచ్చి 2019లో ఆగింది, పోలీసులూ సైన్యమూ వాడిన బండి. ఆఖరు రోజుల్లో ధర ఆరు లక్షల పైచిలుకు. దాని చోటికి 2023 జూన్‌లో జిమ్నీ వచ్చింది, 12.74 లక్షల నుంచి. రెట్టింపు. వినాయక నిమజ్జనం బందోబస్తులో జిప్సీ వెనక వేలాడుతూ పోయే కానిస్టేబుళ్లను చూసి పెరిగినవాళ్లు ఈ పాఠాన్నే పట్టుకుంటారు. అయినా ‘జీపు’ పాఠమే గ్రాహ్యం. ఈ గల్లీలో జిప్సీనీ జీపే అంటారు, థార్‌నీ జీపే అంటారు, రేపు కరెంటుతో నడిచేది వచ్చినా జీపే అంటారు.

‘పోయె’ మీద చివరి ఆక్షేపం ఉస్తాద్‌ది. పద్యం చదివి వినిపిస్తే ఆ మాట దగ్గరే ఆపేశాడు. 2010లో కొన్న థార్ ఒకటి, పదిహేనేళ్లు నిండి ఫిట్‌నెస్ చేయించుకుని, గ్రీన్ టాక్స్ కట్టి, మరో అయిదేళ్లకు కాగితాలు తెచ్చుకున్నది, షెడ్డు ముందే ఉంది. దాని వెనక కమాన్ కట్టను తట్టి చూపించాడు.

“యాడికి పోయింది సార్? గిదే ఉంది. మీరు జర పక్కకు జరుగుండ్రి, నీళ్ల ట్యాంకర్ అస్తుంది, దీన్ని ధక్కా కొట్టాలె.”